స్వాకోప్‌ముండ్ (నమీబియా): ఎడారీ సముద్రమూ కలిసే ఊరికి ఒక్క రాత్రి సరిపోతుందా?

గోస్తనీతీరం

అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నం. ఉద్యోగరీత్యా మూడేళ్లుగా జోహాన్నెస్‌బర్గ్‌లో ఉంటున్నాము. జూలైలో అమ్మా నాన్నగారూ వస్తున్నారు. పోయినసారి వచ్చినప్పుడు సింహాలూ ఏనుగులూ చూపించేశాము కనుక, ఈసారి నమీబియా తీసుకెళ్లాలని అనుకుంటున్నాము. ట్రావెల్ ఏజెంటు ఇచ్చిన పథకంలో రాజధాని విండ్‌హుక్‌లో రెండు రాత్రులు, సొసుస్‌ఫ్లై ఎర్ర ఇసుక దిబ్బల దగ్గర రెండు రాత్రులు, స్వాకోప్‌ముండ్‌లో ఒక్క రాత్రి ఉన్నాయి. ఎడారి పక్కనే సముద్రం అనగానే నాకు ఆ చివరి ఊరి మీదే మనసు పోయింది. ఒక్క రాత్రి సరిపోతుందా? నాన్నగారికి 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులున్నాయి. అమ్మ కోడిగుడ్డు కూడా ముట్టదు. ఎడారి కాబట్టి పలుచని నూలుబట్టలు పెట్టుకుంటే చాలనుకుంటున్నాను. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

ఎడారిబాటసారి

గోస్తనీతీరం గారూ, ముందు ఆ నూలుబట్టల ఆలోచన మానుకోండి. నేను విండ్‌హుక్‌లో నాలుగేళ్లున్నాను. స్వాకోప్‌ముండ్‌కు ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. మొదటిసారి మాత్రం మీలాగే పలుచని చొక్కాలతో వెళ్లి, దిగిన గంటలోనే దుకాణానికి పరుగెత్తి ఉన్ని స్వెట్టరు కొనుక్కున్నాను. ఎడారి అనగానే మనకు రాజస్థానో దుబాయో గుర్తుకు వస్తుంది. ఈ ఊరు ఆ కోవలోది కాదు. ఏడాది పొడుగునా ఎక్కువ రోజులు 15 నుంచి 25 డిగ్రీల మధ్యే ఉంటుంది. జూలై ఉదయాల్లో అంతకంటే బాగా తగ్గుతుంది. తెల్లవారి కిటికీ తెరిస్తే ఎదురింటి గోడ కనబడదు. పొగమంచు అంత దట్టంగా దిగుతుంది. వాన ఏడాది మొత్తానికి 20 మిల్లీమీటర్లు కూడా పడదు గానీ, ఉదయం చూరుల నుంచి నీళ్లు బొట్లుబొట్లుగా కారుతుంటాయి.

ఒక్క రాత్రి చాలదు. విండ్‌హుక్ నుంచి దాదాపు 360 కిలోమీటర్లు వచ్చి, మధ్యాహ్నం చేరి, మర్నాడు పొద్దున పొగమంచులోనే బయలుదేరితే మీరు చూసేది ఆ పొగమంచునే. కనీసం మూడు రాత్రులు పెట్టుకోండి. విండ్‌హుక్‌లో ఒక రాత్రి తగ్గించుకున్నా నష్టం లేదు.

కారు సంగతి. అక్కడ కూడా మనలాగే ఎడమవైపే నడుపుతారు. విండ్‌హుక్ వైపు నుంచి వచ్చే బీ2 దారి మంచి తారు రోడ్డు. సొసుస్‌ఫ్లై వైపు నుంచి వచ్చేది కంకర దారి. ఊరికి ఉత్తరాన ఉప్పు దారులు కూడా ఉంటాయి. జిప్సం మట్టిని ఉప్పునీళ్లతో తడిపి, తొక్కించి గట్టిపరిచిన దారులవి. ఎండలో తారు రోడ్డులాగే ఉంటాయి కానీ పొగమంచుకు తడిసినప్పుడు సబ్బు పూసినట్టు జారతాయి. పొద్దున తొమ్మిదింటికి ముందు ఆ దారుల్లో తొందరపడవద్దు, పట్టపగలైనా లైట్లు వేసుకునే నడపండి.

డబ్బు విషయం కూడా చెబుతాను. నమీబియా డాలరూ దక్షిణాఫ్రికా రాండూ ఒకటికి ఒకటి. మీ దగ్గరున్న రాండ్లు అక్కడ నిరభ్యంతరంగా చెల్లుతాయి. నమీబియా నోట్లు మాత్రం జోహాన్నెస్‌బర్గ్‌లో చెల్లవు. తిరిగి వచ్చే ముందు ఖర్చు పెట్టేయండి.

నల్లమలరాయి

బాటసారి గారు చలి గురించి చెప్పారు కనుక, దాని కారణం కూడా చెబుతాను. అది తెలిసి వెళితే ఊరు చూసే చూపే మారుతుంది. నేను కడప జిల్లాలో భూగోళం చెప్పిన మాస్టారిని.

ఆ తీరం వెంబడి దక్షిణం నుంచి ఉత్తరానికి బెంగ్వేలా అనే చల్లని సముద్ర ప్రవాహం సాగుతుంది. దానికి తోడు లోతుల్లో ఉన్న చల్లటి నీరు పైకి తేలుతూ ఉంటుంది. మన బంగాళాఖాతం ఉపరితలం 28 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది కాబట్టే గాలి పైకి లేచి మబ్బులవుతుంది, మనకు తుపానులు పుడతాయి. అక్కడ నీరు 12 నుంచి 18 డిగ్రీలే కావడంతో దాన్ని ఆనుకున్న గాలి చల్లబడి, బరువెక్కి, కిందనే ఉండిపోతుంది. దాని పైన వెచ్చని గాలి మూతలా కూర్చుంటుంది. పైకి లేవని గాలి వాననివ్వలేదు. అందులో ఉన్న కాస్త తేమా పొగమంచై నేల మీద పాకుతూ పదుల కిలోమీటర్లు లోపలికి పోతుంది. సముద్రం పక్కన ఉండి కూడా ఎడారి అయిందని చాలామంది ఆశ్చర్యపోతారు గానీ, ఆ సముద్రం పక్కన ఉండడం వల్లనే అక్కడ వానలు కరువయ్యాయి.

నమీబ్ ఎడారిలో చాలా ప్రాణులు ఈ పొగమంచు మీద ఆధారపడి బతుకుతున్నాయి. ఒక రకం నల్ల పురుగు తెల్లవారుజామున దిబ్బ శిఖరానికెక్కి, తల కిందికి, వెనుకభాగం పైకి పెట్టి గాలికి ఎదురుగా నిలబడుతుంది. మంచు దాని వీపు మీద బొట్టు కట్టి, జారి, నోటి దగ్గరికి వస్తుంది. ఊరికి తూర్పున కంకర మైదానాల్లో వెల్విచ్చియా అనే మొక్క ఉంది. జీవితకాలమంతా దానికి రెండే ఆకులు. గాలికి అవి చీలికలు పీలికలై, పారేసిన పాత చాపల్లా నేల మీద పడి ఉంటాయి. వాటిలో కొన్ని వెయ్యేళ్లు దాటినవి. ఆ మైదానాలు నమీబ్-నౌక్లుఫ్ట్ జాతీయ ఉద్యానం పరిధిలోవి కనుక ముందుగా ఊళ్లోనే అనుమతి చీటీ తీసుకోవాలి. అక్కడి నేల మీద పెచ్చులా పట్టి ఉండే పాచి మొక్కల మీదుగా ఒకసారి బండి నడిపితే ఆ చక్రాల జాడ దశాబ్దాల తరబడి చెరగదు. దయచేసి దారి దిగవద్దు.

మా జిల్లాలో తుమ్మలపల్లె యురేనియం గని ఉంది కదా. స్వాకోప్‌ముండ్‌కు లోపలగా, అరండిస్ దగ్గర, 1976 నుంచి నడుస్తున్న రోసింగ్ గని ఉంది. సొరంగం లేకుండా పైనుంచే తవ్వే యురేనియం గనుల్లో అది ప్రపంచంలోని పెద్దవాటిలో ఒకటి. బీ2 దారిలో వచ్చేటప్పుడు ఆ గని పేరున్న పలక మీకు కనబడుతుంది.

కొల్లేటికొంగ

పక్షుల సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతున్నాను. స్వాకోప్‌ముండ్‌కు దక్షిణంగా అరగంట దూరంలో వాల్విస్ బే రేవు ఉంది. దాని మడుగులోనూ ఉప్పుమళ్ల చుట్టూనూ రాజహంసలు వేల సంఖ్యలో ఉంటాయి. నేను సూళ్లూరుపేటలో రాజహంసల పండుగకు ఏటా వెళ్లే మనిషిని. పులికాట్‌లో దుర్భిణి పెట్టుకుని, దూరాన గులాబీ గీత కనబడితే చాలని సంతోషపడి తిరిగి వచ్చేవాణ్ణి. వాల్విస్ బేలో మడుగు పక్కన సిమెంటు నడకదారి మీద నిలబడితే, అవి ముక్కు బోర్లించి బురద వడకట్టుకునే చప్పుడు కూడా వినబడింది. నిలబడ్డ చోటనే కాళ్లతో బురదను తొక్కుతూ చిన్న వలయం తిరుగుతాయి. అవి వెళ్లిపోయాక అక్కడ గుండ్రటి గుంట మిగులుతుంది. ఆటుకు నీళ్లు తీసినప్పుడు అలాంటి గుంటలు పదుల కొద్దీ లెక్కపెట్టాను.

మోకాళ్ల నొప్పులున్న నాన్నగారికి ఇంతకంటే సుఖమైన చోటు లేదు. కారు దిగి పది అడుగులు వేస్తే చాలు. ఉదయం పడవ షికారు కూడా ఉంటుంది. దాంట్లో సీళ్లు (చేపలు తిని బతికే సముద్రపు జంతువులు) పడవలోకే ఎక్కి వస్తాయి, పెలికాన్లు నెత్తి మీదుగా ఎగురుతూ వెంటపడతాయి.

కాకినాడకాజా

బాటసారి గారి మాటకు ఒక చేదు అనుభవం చేరుస్తున్నాను. రెండేళ్ల కిందట ఒక సంస్థ దగ్గర నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే బండి అద్దెకు తీసుకున్నాను. పెద్ద బండి ఉంది కదా అన్న ధీమాతో టైర్లలో గాలి తగ్గించకుండానే వాల్విస్ బే దక్షిణాన ఇసుకలోకి దిగాను. యాభై గజాలు వెళ్లేసరికి చక్రాలు సగానికి కూరుకుపోయాయి. తీయబోయిన కొద్దీ ఇంకా దిగబడింది. అటుగా వచ్చిన ఒక చేపల వేటగాడు నవ్వుతూ గాలి సగం దాకా వదిలించి, నెమ్మదిగా వెనక్కి తీయమని చెప్పి గట్టెక్కించాడు. బండి అప్పగించేటప్పుడు అడుగుభాగానికి ఇసుక రాపిడి తగిలిందని చెప్పి అద్దె సంస్థవారు నా పూచీ సొమ్ములో పెద్ద మొత్తం మినహాయించుకున్నారు. ఒప్పంద పత్రంలో అడుగుభాగానికీ, టైర్లకూ, అద్దానికీ బీమా ఉందో లేదో ఒక్కొక్క వరుసా చదవండి. ఇసుకలోకి వెళ్లాలంటే గైడు బండిలో వెళ్లండి. శాండ్‌విచ్ హార్బర్ వైపు దిబ్బలు సూటిగా సముద్రంలోకి దిగుతాయి. అక్కడ దారి అంటే ఆటుపోట్ల మధ్య బయటపడే తడి ఇసుకే. పోటు వేళ తెలియనివాడు స్టీరింగు పట్టకూడని చోటు అది.

పాతబస్తీపుస్తకం

ఈ ఊరి భవనాల ఫోటోలు అందరూ పెడతారు. వాటి వెనక చరిత్ర కూడా ఈ చర్చలో ఉండాలని నా అభిప్రాయం.

వాల్విస్ బే అప్పటికే ఆంగ్లేయుల చేతిలో ఉండడం వల్ల, తమకంటూ ఒక రేవు కావాలని జర్మన్లు 1892లో స్వాకోప్‌ముండ్‌ను నెలకొల్పారు. రేవుకు పనికొచ్చే సహజమైన ఆశ్రయం అక్కడ ఏమీ లేదు. 1903లో రాతి కట్ట పూర్తిచేస్తే మూడు నాలుగేళ్లలో ఇసుక మేట వేసింది. 1905లో సముద్రంలోకి చెక్క వంతెన కట్టారు. 1912లో ఇనుప వంతెన మొదలుపెడితే ప్రపంచయుద్ధం వచ్చి సగంలో ఆగింది. నేడు సాయంత్రం పూట జనం షికారు చేసే జెట్టీ ఆ ఇనుప వంతెనే. 1901 నాటి రైల్వే స్టేషను ఇప్పుడు హోటలైంది. 1905లో కట్టిన వోర్మన్‌హౌస్ భవనం, ఎరుపు తెలుపు చారల దీపస్తంభం చూస్తే ఏదో జర్మనీ పల్లెను ఎత్తుకొచ్చి ఇసుకలో దింపినట్టే ఉంటుంది. 1896లో బండ్లు లాగడానికి తెప్పించిన ఆవిరి యంత్రం ఇసుకలో మొరాయించి ఊరి బయటే ఆగిపోయింది. దానికి మార్టిన్ లూథర్ అని పాతకాలపు జర్మన్ మతసంస్కర్త పేరు పెట్టుకున్నారు. ‘ఇక్కడే నిలుచున్నాను, మరో దారి లేదు’ అన్నది లూథర్ అన్నట్టుగా చెప్పుకునే మాట.

ఇదంతా ముచ్చటగానే ఉంటుంది. కానీ 1904 నుంచి 1908 వరకు హెరెరో, నామా ప్రజల మీద జర్మన్ సేనలు సాగించిన మారణకాండలో పట్టుబడిన వారిని ఉంచిన నిర్బంధ శిబిరాలు ఈ ఊళ్లో కూడా ఉండేవి. ఆడవారిని, పిల్లలను కూడా వదలకుండా వెట్టిచాకిరీ చేయించారు. చలికీ ఆకలికీ జబ్బులకూ వేలమంది రాలిపోయారు. ఊరి శ్మశానంలో ముందుభాగాన పాలరాతి సమాధులు, పూలకుండీలు ఉంటాయి. వెనక్కి నడిస్తే, పేరూ రాయీ లేని ఇసుక గుట్టలు కంటికి ఆనినంత దూరం ఉంటాయి. అవి ఆ మనుషులవి. జర్మనీ ప్రభుత్వం 2021 మే నెలలో దీన్ని జాతిహత్య అని ఒప్పుకుని 30 ఏళ్లలో 110 కోట్ల యూరోలు ఇస్తామని ప్రకటించింది. తమను పక్కన పెట్టి ప్రభుత్వాలు మాట్లాడుకున్నాయని ఆ తెగల వారిలో చాలామంది దాన్ని ఒప్పుకోలేదు. ఆ యుద్ధంలో చనిపోయిన జర్మన్ నావిక సైనికుల కోసం 1908లో నిలిపిన విగ్రహం మాత్రం నేటికీ ఊరి నడిబొడ్డున నిలిచే ఉంది.

సరదాసంచారి

పాతబస్తీపుస్తకం గారు, పెద్దవాళ్లను తీసుకుని నాలుగు రోజులు సరదాగా వెళ్లేవారికి శ్మశానాల దారి చూపించడం అవసరమా? ఎవరి ఇష్టం వారిది అనుకోండి, కానీ అడిగిన ప్రశ్న అది కాదు కదా.

పాతబస్తీపుస్తకం

వెళ్లి తీరాలని నేను అనలేదండి. గోల్కొండ చూడబోయేవారికి ఆ కోటను ఎవరు కట్టారో, ఎవరు ముట్టడించారో చెప్పినట్టే ఇది కూడా చెప్పాను. జెట్టీ నుంచి శ్మశానానికి కారులో పది నిమిషాలు కూడా పట్టదు. చూడాలో వద్దో వారు నిర్ణయించుకుంటారు.

ఎడారిబాటసారి

ఈ విషయంలో నేను పుస్తకం గారి పక్షమే. ఊళ్లో ఎన్నో వీధుల పేర్లు మారాయి. ఒకప్పటి కైజర్ విల్‌హెల్మ్ వీధి ఇప్పుడు తొలి అధ్యక్షుడు సామ్ నుజోమా పేరున ఉంది. అవి ఎందుకు మారాయో తెలియకుండా అక్కడ కాఫీ తాగి రావడంలో అర్థం లేదు. వీలుంటే మొండేసా పేటకు కూడా వెళ్లండి. వర్ణవివక్ష కాలంలో నల్లవారిని ఊరికి దూరంగా ఉంచడానికి కట్టిన పేట అది. అక్కడి స్థానికులే దగ్గరుండి నడిపించి చూపిస్తారు.

గోస్తనీతీరం

అందరికీ ధన్యవాదాలు. సరదాసంచారి గారూ, మా నాన్నగారు రేవులో ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఇసుక మేట వేసిన రేవు కథ చెప్పగానే ముందు అదే చూపించమన్నారు. మిగిలిన సంగతి కూడా చదివి వినిపించాను. చూస్తానన్నారు. ఏజెంటుతో మాట్లాడి స్వాకోప్‌ముండ్‌ను మూడు రాత్రులు చేయించాము. ఇక అమ్మ భోజనం సంగతి ఎవరైనా చెప్పండి.

సజ్జసంకటి

మీ అమ్మగారికి నాదీ పూచీ. నేనూ శాకాహారినే. ఊరంతా చేపలూ, ఆల్చిప్పలూ, వేట మాంసమే అన్నమాట నిజమే గానీ, జర్మన్ బేకరీల్లో రొట్టెలు, ఇటాలియన్ హోటళ్లలో గుడ్డు లేని పాస్తా, పిజ్జా దొరుకుతాయి. ‘వెజిటేరియన్’ అంటే కొందరు చేప పరవాలేదనుకుంటారు, అందుచేత ‘మాంసం వద్దు, చేప వద్దు, గుడ్డు వద్దు’ అని విడివిడిగా చెప్పాలి. వంటగది ఉన్న బస తీసుకుంటే అన్నిటికంటే మేలు. సూపర్‌మార్కెట్లలో బియ్యం, పెరుగు, కందిపప్పుకు దగ్గరగా ఉండే పప్పులు ఉంటాయి.

ఒక సంగతి తప్పక చెప్పాలి. మొండేసాలో ఒక ఇంట్లో మహంగు పిండితో ఉడికించిన ముద్ద పెట్టారు. మహంగు అంటే మన సజ్జలే. పక్కన అడవి ఆకుకూర వేపుడు. వేళ్లతో తుంచి, గుండ్రం చేసి, కూరలో అద్దుకుని తినాలి. నేను అడగకుండానే సరిగ్గా తినడం చూసి ఆ ఇంటావిడ ఆశ్చర్యపోయింది. మా అనంతపురంలో అమ్మమ్మ పెట్టిన సంకటి కూడా అంతే కదా అని నేను చెప్పబోయాను కానీ, ఆవిడకు తెలిసింది ఓషివాంబో, నాకు తెలిసింది తెలుగు. ఇద్దరం నవ్వుకుని రెండో ముద్ద పెట్టించుకున్నాము.

కొల్లేటికొంగ

ఇంకొక మాట. ఉత్తరాన 120 కిలోమీటర్ల దూరంలో కేప్ క్రాస్ ఉంది. 1486లో పోర్చుగీసు నావికుడు డియోగో కావ్ అక్కడ శిలువ నాటాడు. అసలు శిలువను 1893లో జర్మన్లు తీసుకుపోగా, దాన్ని తిరిగి ఇస్తామని 2019లో ప్రకటించారు. అక్కడ ఉన్న సీళ్ల మంద ప్రపంచంలోని పెద్ద మందల్లో ఒకటి. కానీ ఆ కంపు సామాన్యమైనది కాదు. ఎండుచేపల వాడలో పెరిగిన నేనే ముక్కు మూసుకున్నాను. అమ్మగారి కోసమైనా ఇది మానుకోండి.

నల్లమలరాయి

జూలై అన్నారు కనుక తూర్పు గాలి గురించి హెచ్చరిస్తున్నాను. చలికాలంలో అప్పుడప్పుడు లోపలి పీఠభూమి నుంచి గాలి కిందికి దిగుతూ వేడెక్కి తీరానికి వస్తుంది. అటువంటి రోజున జూలైలో కూడా 30 డిగ్రీలు దాటుతుంది. వీధుల్లో ఇసుక సూదుల్లా గుచ్చుతుంది. ఊరి పెద్ద వేడి రోజులు చలికాలంలోనే వస్తాయి. కాబట్టి స్వెట్టరుతో పాటు మీ నూలుబట్టలు కూడా ఒక జత ఉంచుకోండి, ఆ మాట పూర్తిగా కొట్టిపారేయనక్కర్లేదు.

గోస్తనీతీరం

వెళ్లి వచ్చాము. చెప్పినవారందరికీ రుణం తీర్చుకోవాలి కదా, క్లుప్తంగా రాస్తున్నాను.

మొదటి రోజంతా పొగమంచే. జెట్టీ చివరి దాకా నడిచాము. కింద కెరటాల చప్పుడు తప్ప నీళ్లు కనబడలేదు. నాన్నగారు మాత్రం ఇనుప స్తంభాలు ఎక్కడ తుప్పు తిన్నాయో ఒక్కొక్కటీ వంగి చూసుకుంటూ, మోకాళ్ల మాటే మరిచిపోయారు. రాతి కట్ట దగ్గర ఇసుక మేట చూసి, ‘ప్రవాహం దిశ చూసుకోకుండా కట్టారు, మన రేవులోనైతే ఏటా తవ్వి పోస్తాం’ అని జర్మన్లకు నూట ఇరవై ఏళ్లు ఆలస్యంగా సలహా ఇచ్చారు.

రెండో రోజు పొద్దున గైడుతో దిబ్బల్లోకి వెళ్లాము. ఇసుక మీద గీతలు చూసి, ఇది బల్లి, ఇది పురుగు, ఇది పాము అని గైడు చదువుకుంటూ పోయాడు. ఒకచోట ఆగి ఇసుకలో రెండు చుక్కలు చూపించాడు. అవి మునిగి ఉన్న చిన్న పాము కళ్లు. దాని కళ్లు తల మీదే ఉంటాయట. అమ్మ దండం పెట్టి కారెక్కేసింది. తరవాత ఆ గైడు జేబులోంచి అయస్కాంతం తీసి ఇసుకలో తిప్పితే నల్లటి రజను కుచ్చులుగా అంటుకుని వచ్చింది. అది మాగ్నటైటు అని ఆయన వివరిస్తుంటే, నాన్నగారు నా చెవిలో, చిన్నప్పుడు భీమిలి ఒడ్డున నల్ల ఇసుకలో ఇదే ఆట ఆడేవాళ్లమని చెప్పారు. గైడుకు ఆ మాట అనువదించి చెప్పాను. ఆయన అయస్కాంతం నాన్నగారి చేతికిచ్చేశాడు. నాన్నగారు దాన్ని కాసేపు తిరిగి ఇవ్వలేదు.

శ్మశానానికి చివరి సాయంత్రం వెళ్లాము. ఆ గుట్టల మధ్య పావుగంట నిలబడ్డాము. ఎవరమూ ఏమీ మాట్లాడుకోలేదు. అమ్మ దారిలో కొన్న పూలు ఎక్కడ పెట్టాలో తెలియక, అన్నిటికంటే చిన్న గుట్ట మీద పెట్టింది.

రాజహంసలు కొల్లేటికొంగ గారు చెప్పినంత దగ్గరగానే ఉన్నాయి. కేప్ క్రాస్ మానేశాము. తూర్పు గాలి రాలేదు. నూలుబట్టలు మడత విప్పకుండానే తిరిగి వచ్చాయి. మన ఇళ్లలో గీజరుకు వాడే పెద్ద మూడు పుల్లల ప్లగ్గు అక్కడి గోడల్లో సరిగ్గా పట్టింది, అది ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చేరుస్తున్నాను. తిరుగు ప్రయాణంలో పొగమంచు వల్ల వాల్విస్ బే విమానం మూడు గంటలు ఆలస్యమైంది. ఉదయపు విమానం తీసుకునేవారు జోహాన్నెస్‌బర్గ్‌లో తరవాతి విమానానికి తగినంత వ్యవధి ఉంచుకోండి.

బాటసారి గారూ, మీరు ముందే చెప్పినా మరిచిపోయి 400 నమీబియా డాలర్లు పర్సులోనే తెచ్చుకున్నాను. నిన్న ఇక్కడి కిరాణా దుకాణంలో ఇస్తే కౌంటరు అమ్మాయి నోటును వెలుతురుకు పట్టి చూసి తిరిగి ఇచ్చేసింది. ఈ ఊళ్లో ఉండేవారెవరైనా అటువైపు వెళుతుంటే చెప్పండి, రాండ్లకు మార్చుకుందాము.